రెండో వడ్డన

క్రోలీ, నెబ్రాస్కా
నవంబర్ 24

అక్కా,

ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాయాలని నాన్న చెప్పాడు. నాన్న క్షేమం. నేను కాదు. చక్కెర ఫ్యాక్టరీలో దుంపలు కడిగే కాలువ పక్కన మోకాళ్లదాకా తడిసి నిలబడుతున్నా నాకు చలి వేయడం లేదు. కోపం అంత వేడిగా ఉంది.

నీ నేవీ అకాడమీ ఇంటర్వ్యూ రోజు నేను లైబ్రరీ వసారాలో కూర్చున్నాను కదా. ఆ తలుపు సరిగ్గా పడదు. లోపలి మాటలన్నీ విన్నాను. వచ్చేటప్పుడు బండిలో నీకు చెప్పలేదు. ఇప్పుడు నువ్వు మామూలు సిపాయిగా చేరి నేవీ ట్రైనింగ్‌లో ఉన్నావు, ఫోన్ లేదు, వచ్చి నా చెవి మెలిపెట్టలేవు. అందుకే రాస్తున్నాను.

నీకంటే ముందు బ్రాడీ కెంప్ లోపలికెళ్లాడు. వాడు కూర్చోకముందే, ప్రశ్నలడిగేవాళ్లలో ఒకడైన ట్రాక్టర్ల షాపాయన "ఏరా బ్రాడీ, తాతయ్య మోకాలు ఎలా ఉందిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన పక్కన కూర్చున్న రిటైరైన కల్నల్ కూడా. తర్వాత పావుగంట కెంపుల పశువుల దొడ్ల గురించే మాట్లాడుకున్నారు. అదీ వాడి ఇంటర్వ్యూ!

నువ్వెళ్లావు. అదే ట్రాక్టర్లాయన "ఇరవై రెండేళ్లొచ్చాయి కదమ్మా, ఇన్నాళ్లూ ఏం చేశావు?" అన్నాడు. ఏం చేస్తుంది? మా అక్క అమ్మకి స్నానం చేయించింది, మాత్రలు మింగించింది, పోయేముందు చెంచాతో నీళ్లు పట్టింది. నువ్వేమో "మా అమ్మకి ఒంట్లో బాగాలేదండీ, చూసుకున్నాను" అని ఊరుకున్నావు. ఇంకో నాలుగు ముక్కలు చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?

నాకు అర్థం కానిది ఇదే. మార్కులున్నాయి. పరుగుంది. డాక్టర్లు ఒళ్లంతా తడిమి ఏ లోపం లేదన్నారు. ఇన్ని ఉన్నా ఆఫీసర్లని తయారుచేసే నౌకాదళ అకాడమీ గడప తొక్కాలంటే ఒక పెద్దమనిషి నామినేషన్ ఇవ్వాలి. మన కాంగ్రెస్ సభ్యుడో, ఇద్దరు సెనెటర్లలో ఒకరో. ఆయన తరఫున మనల్ని తూకం వేసేది ట్రాక్టర్లమ్మేవాడు! దుంపల లారీని తూచడానికైనా సర్కారు ముద్ర వేసిన కాటా ఉంటుంది.

నీకిది ఆఖరు ఏడాది. వచ్చే జులైకి ఇరవై రెండే, ఆ పై జులైకి ఇరవై మూడు దాటిపోతాయి, గేటు మూసేస్తారు. ఇది వాళ్లకీ తెలుసు. అందుకే నాకు ఒళ్లు మండుతోంది.

నువ్వు తిండి తిను.

మండుతున్న తమ్ముడు,
డెల్


గ్రేట్ లేక్స్, ఇల్లినాయ్
డిసెంబర్ 3

డెల్ అనే కోతికి,

వారానికి ఒక్క మధ్యాహ్నమే మాకు ఉత్తరాలు రాసుకునే సమయం. పక్కనున్న పిల్ల ప్రియుడికి రాస్తూ ఏడుస్తోంది. నేను నీ ఉత్తరం చదివి నవ్వాను. "ఏం నవ్వు అది, లైకర్?" అని చీఫ్ అరిచాడు. మాకు పాఠాలూ తిట్లూ ఒకే నోటితో చెప్పేది ఆయనే. "మా తమ్ముడికి కోపమొచ్చింది చీఫ్" అన్నాను. "నేవీకి పనికొస్తాడు" అన్నాడు.

ఆ తలుపు పడదని నాకూ తెలుసురా. నువ్వు వింటున్నావని తెలిసే అమ్మ గురించి ఎక్కువ చెప్పలేదు. ఆ గదిలో వాళ్లకి అమ్మని అమ్మి నేను సీటు కొనుక్కోను.

ఇప్పుడు పనికొచ్చే మాట. నాకున్న దారులు నువ్వనుకున్నట్టు మూడే కాదు, నాలుగు. కాంగ్రెస్ సభ్యుడిది నువ్వు విన్నావు, సెనెటర్లిద్దరి ఇంటర్వ్యూలు అక్టోబర్‌లోనే ఫోన్లో అయిపోయాయి. నాలుగోది ఇక్కడే ఉంది. నేవీలో చేరినవాళ్లకి నేవీ మంత్రిగారి వాటా కింద కొన్ని నామినేషన్లు ఉంటాయట. మా కెప్టెన్ సిఫారసు చేయాలి. కాగితాలు జనవరి మధ్యలో ఇక్కణ్ణుంచి వెళ్లిపోతాయి. చీఫ్ నా పేరు రాస్తానన్నాడు, కానీ అది పెద్ద పని. ఇంటి నుంచి కబురు రాకపోతేనే మొదలుపెడదామన్నాడు.

కాబట్టి ఇంటికి ఏ ఉత్తరమొచ్చినా వెంటనే రాయి. నా తరఫున సంతకాలు పెట్టడానికి నాన్నకి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చే వచ్చాను, ఆయనకేం ఇబ్బంది ఉండదు. నాన్న మోచేతులకి తోలు తొడుగులు కొను, ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర కాల్చుకుంటున్నాడు.

ట్రూడీ


క్రోలీ
డిసెంబర్ 14

మహారాజశ్రీ నౌకాదళ అధిపతి ట్రూడీ లైకర్ గారి దివ్య సముఖానికి,

వచ్చేసిందే అక్కా! వచ్చేసింది!

కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు నుంచి, గరుడ బొమ్మ వేసిన మందపాటి కాగితం. "మిమ్మల్ని అమెరికా నౌకాదళ అకాడమీకి నామినేట్ చేయడం నాకు ఎంతో ఆనందంగా ఉంది." ఆయన ఆనందం నాకెందుకు గాని, సీటు వచ్చింది! నేను చొక్కా లేకుండా మంచులోకి పరుగెత్తి అరిచాను. పక్కింటి ష్మిట్ గారావిడ పోలీసులకి ఫోన్ చేయబోయిందట.

ఆ ట్రాక్టర్లాయన షాపు ముందునుంచి హారన్ కొడుతూ రెండుసార్లు వెళ్లాను. చాల్లే అన్నాడు నాన్న. మూడోసారి కూడా వెళ్లాను.

ఆదివారం ఫాదర్ చర్చిలో అందరి ముందూ నీ పేరు చెప్పాడు. కింద హాల్లో భోజనాలు. క్యాబేజీ కూరిన రొట్టెలు, నూడుల్స్ పులుసు. జనం వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఊపుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బ్రాడీ తాత, ఆ ముసలి కెంప్ కూడా వచ్చాడు. "మంచి పిల్ల, మంచి పిల్ల" అన్నాడు, మొహంలో ఒక్క గీత కదల్లేదు. కడుపులో ఎంత మండుతుందో అనుకుని నేను ఇంకో రొట్టె తిన్నాను.

ఆ కెప్టెన్ సిఫారసు, ఆ మంత్రిగారి వాటా, నీకేం అక్కర్లేదు. ఎవరి కాళ్లూ పట్టుకోకు.

గర్వంతో గుడ్లు పెట్టిన తమ్ముడు,
డెల్


గ్రేట్ లేక్స్
డిసెంబర్ 23

డెల్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరికీ చెప్పకు.

అమ్మ మంచం పక్కన కూర్చుని చదువుకున్న లెక్కల పుస్తకం గుర్తుందా? అమ్మ "ఏం చదువుతున్నావే?" అంటే "ఓడ ఎందుకు మునగదో" అనేదాన్ని. "మునిగిన వాళ్ల గురించి కూడా ఎవరైనా రాయండమ్మా" అనేది. ఇవాళ ఆ మాటే చెవిలో మోగుతోంది.

చీఫ్‌కి చెప్పాను. "ఉత్తరం మొత్తం చదివావా?" అన్నాడు. మా తమ్ముడు చదివాడు అన్నాను. "మీ తమ్ముడు కోపిష్టోడే కాదు, చదువరి కూడానా?" అన్నాడు. బడి మానేశాడుగాని ఊరి లైబ్రరీలో సగం పుస్తకాలు మింగాడని చెప్పాను. సరేనని సిఫారసుల కట్టలో నాకని ఉంచిన చోటు తీసేశాడు. నా స్థానంలో ఒహాయో పిల్ల పేరు రాశాడు.

ఆ ఉత్తరం నకలు ఒకటి పంపరా. దిండు కింద పెట్టుకుంటాను. సెనెటర్ల నుంచి కూడా ఏమైనా వచ్చిందా?

నాన్నకి నా ముద్దులు. నీకు ఒక మొట్టికాయ.

ట్రూడీ


క్రోలీ
జనవరి 9

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నకలు తీయడానికి లైబ్రరీకెళ్లాను. మిషన్ మీద పెట్టేటప్పుడు చూశాను, ఆ కాగితానికి వెనక పేజీ ఉంది. నామినేషన్ అంటే ప్రవేశం కాదని, మిగతా విషయాలకి ఆఫీసుకి ఫోన్ చేయమని అక్కడ రాసి ఉంది. చేశాను. ఒకావిడ తేనె కారుతూ ఎత్తింది.

"అభినందనలండీ! మీ అక్కగారు మూడో ప్రత్యామ్నాయం."

"అంటే ఏంటండీ?"

"ఖాళీ ఒక్కటే కదండీ. దానికి పదిహేను పేర్లు పంపొచ్చు. మా సభ్యుడుగారు ఒకరిని ప్రధాన అభ్యర్థిగా పెట్టి, మిగతావాళ్లని వరసగా పెట్టారు. ప్రధాన అభ్యర్థికి అర్హతలన్నీ ఉంటే సీటు ఆయనదే."

"మరి మా అక్కకి ఆయనకంటే మార్కులెక్కువైతే?"

"అయినా ఆయనదేనండీ. పద్ధతి అలా ఎంచుకోవచ్చు. చట్టంలోనే ఉంది."

"ఆయన పేరు బ్రాడీ కెంపా?"

"పేర్లు చెప్పకూడదండీ." ఆ చెప్పకూడదండీకి ముందు ఒక చిన్న ఆగడం ఉంది చూడు, అందులో కెంపుల దొడ్డి కంపు వచ్చింది నాకు. అందుకేనే ఆ ముసలాడి మొహంలో గీత కదలనిది! వాడికి అప్పటికే తెలుసు.

మిగిలినవాళ్లు దేశం మొత్తం మీద ఒక గంపలో పడతారట. అందులోంచి అకాడమీ తనకి కావలసినవాళ్లని ఏరుకుంటుందట. కాబట్టి నీ పేరు పూర్తిగా పోలేదు. సరే, సెనెటర్లున్నారు కదా అని వాళ్లకీ ఫోన్ చేశాను. మొదటి ఆఫీసువాడు కాగితాలు తిరగేసి "ట్రూడీ లైకర్ గారు తప్పుకున్నారు కదండీ" అన్నాడు. రెండో ఆఫీసూ అదే మాట. "మీ నాన్నగారు పవర్ ఆఫ్ అటార్నీ జతచేసి మరీ పంపారు. ఇలాంటి మర్యాదస్తులు ఈ రోజుల్లో అరుదు."

ఇంటికొచ్చేసరికి నాన్న సూప్ తాగుతున్నాడు.

"నాన్నా, సెనెటర్లకి ఏం రాశావు?"

"ఒకటి వచ్చేసింది కదరా. మనది అట్టే పెట్టుకుని ఇంకో రెండు కూడా పట్టుక్కూర్చుంటే ఎట్లా? ఇంకెవరి పిల్లకో ఇవ్వమన్నాను."

"నిన్నెవరడిగారు?"

"అడగాలా? చర్చి భోజనాల్లో వరసలో ఆఖరివాడు తినేదాకా మనం రెండోసారి పళ్లెం పట్టుకుని లేవం. మీ తాత లేవలేదు, నేను లేవలేదు."

"ఇది క్యాబేజీ రొట్టె కాదు నాన్నా! అక్క బతుకు!"

నేను కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాను. ఆయన లేచి, విరిగిన కుర్చీ కాలు చేతిలోకి తీసుకుని, "జిగురుతో అతుకుతుందిలే" అన్నాడు. అప్పుడు నాకు పిచ్చెక్కింది. కెంపులు మొత్తం బల్లనే ఎత్తుకుపోతుంటే, నువ్వు పళ్లెం కడిగి వాళ్లకి అందిస్తున్నావు, నీది మంచితనం కాదు, వంగి వంగి అలవాటైన నడుము అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఒక్కటే అడిగాడు. "మరి ఆ ఉత్తరంలో సీటు వచ్చిందని లేదా? నువ్వేగా చదివావు."

అక్కా, ఆ కెప్టెన్ కాగితాలు వెంటనే మొదలుపెట్టు. కాళ్లు పట్టుకోవాల్సివస్తే పట్టుకో.

డెల్


గ్రేట్ లేక్స్
జనవరి 20

డెల్,

నీ ఉత్తరం ఆఖరి పరీక్షల వారంలో చేతికొచ్చింది. వెంటనే చీఫ్ దగ్గరకెళ్లాను. కట్ట వెళ్లిపోయింది. ఆయన ఎవరెవరికో ఫోన్లు చేశాడు. నా కోసం ఒక మనిషిని బతిమాలాడు, ఎప్పుడూ బతిమాలని మనిషి. కుదరలేదు. "మీ తమ్ముడు మొత్తం చదివాడన్నావు కదా లైకర్" అన్నాడు. తిట్టినట్టు కాదు. తిడితే బాగుండేది.

నకలు పంపమన్నాను. దానికి వెనక పేజీ ఉందని నీకు జనవరిలో తెలిసింది. డిసెంబర్‌లో ఒక్కసారి కాగితం తిరగేస్తే ఏం పోయేదిరా? గరుడ బొమ్మ కనపడగానే చొక్కా విప్పి మంచులోకి పరుగెత్తావు. నువ్వు "సీటు వచ్చింది" అంటే నాన్న రెండు దారులు మూసేశాడు. నువ్వు "సీటు వచ్చింది" అంటే నేను మూడోది మూసుకున్నాను. ఇదంతా కెంపులు చేశారా? ట్రాక్టర్లాయన చేశాడా?

నాన్న మీద కోపంతో కుర్చీ విసిరావు. నీ మీద ఏం విసురుకున్నావు?

నీకు ప్రపంచమంతటి మీదా కోపమే. అది నీకు చలికోటు లాంటిది, వేసుకుంటే వెచ్చగా ఉంటుంది. నేనిక్కడ కోటు లేకుండా నిలబడ్డాను. ఇకనుంచి నీ కోపం నాకు పోస్టు చేయకు. నాది పెట్టుకోవడానికే నా పెట్టెలో చోటు లేదు.

శిక్షణ ముగిసే పరేడ్‌కి మీరు రానవసరం లేదు.

ట్రూడీ


క్రోలీ
ఫిబ్రవరి 9

అక్కా,

శిక్షణ ముగిసి ఇప్పుడు నీ చేతిలో ఫోనుంది, అయినా ఎత్తవు. అందుకని ఇదే దారి.

నువ్వు రాసింది నిజం. దాని కింద గీత గీసి ఇంక నోరు మూసుకుంటున్నాను.

కానీ ఒకటి చెప్పాలి. పేపర్లో సెనెటర్ల నామినేషన్లు వేశారు. నీది ఉండాల్సిన చోట పక్క కౌంటీ పిల్ల పేరుంది. మరిసోల్ కార్డెనాస్. హైవే మీద లారీలు ఆగే హోటల్లో శని, ఆదివారాలు వడ్డిస్తుందట. నేను బండేసుకుని వెళ్లాను. ఏం చేద్దామని అడగకు. నీది తిన్నదెవరో ఒకసారి మొహం చూసి, నాలుగు మాటలని వద్దామని.

హోటల్ వెనక గడ్డకట్టిన నేల మీద అట్టముక్క పరిచి, దాని మీద మోకాళ్లేసుకుని ఒక పిల్ల బాస్కెట్‌బాల్ విసురుతోంది. తెలిసిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని బంతి విసరడం అనే పిచ్చి పరీక్ష ఈ లోకంలో మీ అకాడమీలవాళ్లు తప్ప ఎవరు పెడతారు? వంట ఏప్రన్ కట్టుకున్న వాళ్లమ్మ పరుగెత్తి పరుగెత్తి బంతి తెచ్చిస్తోంది, స్పానిష్‌లో తిడుతోంది. బంతి దొర్లి నా బండి కిందకొచ్చింది.

"అన్నా, కాస్త అందుకోవా?" అంది ఆ పిల్ల.

"ఏం ఆట ఇది?"

"ఆట కాదు. నేవీ అకాడమీ పరీక్ష. నవ్వకు."

"నవ్వట్లేదు."

"సెనెటర్ గారి లిస్టులో ఎవరో తప్పుకున్నారట. నన్ను వేశారు. ఎవరో గాని పిచ్చోళ్లు."

"పిచ్చోళ్లంటావేంటే!" అని వాళ్లమ్మ కసిరింది. "వాళ్ల కడుపు చల్లగుండాలి. రోజూ వాళ్ల కోసం దండం పెడుతున్నాను బాబూ. పేరు కూడా తెలీదు."

నోట్లో నాలుగు మాటలూ తయారుగా ఉన్నాయి. వంగి బంతి తీశాను. బంతి ఇచ్చి, "మోచెయ్యి చెవి పక్కనుంచి రానియ్యి, నడుము ముందు తిప్పు, చెయ్యి తర్వాత" అన్నాను. నువ్వు నేర్చుకున్నట్టే. విసిరింది. వాళ్లమ్మ ఇంకా దూరం పరుగెత్తాల్సొచ్చింది.

"నీకెట్లా తెలుసు?" అంది.

"మా అక్క విసిరేది."

"ఆవిడకి వచ్చిందా?"

"ఇంకా తెలీదు" అన్నాను.

దారంతా స్టీరింగ్ గుద్దుకుంటూ వచ్చాను. ఆ పిల్ల కెంపుల మనవరాలైతే ఎంత హాయిగా ఉండేది! ద్వేషించడానికి ఒక మనిషి కూడా మిగలకుండా చేశాడే నాన్న.

ఆయన తిండి తగ్గించాడు. రోజూ పోస్టుడబ్బా తనే తెరుస్తున్నాడు. నిన్న అడిగాడు. "నేను చేసింది తప్పా అని దాన్ని అడుగు. ఔననో కాదనో రాయమను. నీ మాట నాకొద్దు, దాని మాట కావాలి."

అడిగాను. రాయి.

డెల్


గ్రేట్ లేక్స్
ఏప్రిల్ 18

డెల్,

ఫోన్లో చెబితే మధ్యలో అరుస్తావు. ఉత్తరానికి ఎదురు మాట్లాడలేవు, అందుకని రాస్తున్నాను.

రాలేదు.

"మీకు అర్హతలన్నీ ఉన్నాయి, చోటు లేదు" అని అకాడమీవాళ్లు రాశారు. ఆ రెండూ ఒకే వాక్యంలో పెట్టారు. ఈసారి వెనక పేజీ కూడా చూశాను. ఖాళీ.

బ్రాడీ కెంప్‌కి వచ్చింది. వాడు చెడ్డవాడు కాదురా, నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నా దగ్గరే లెక్కలు చెప్పించుకునేవాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడి కోసం కట్టిన తలుపు మీద ఉంది. ఆ పిల్ల మరిసోల్ సంగతి పేపర్లో చూసి చెప్పు. రావాలని కోరుకుంటున్నాను. మంచిదాన్ని కాబట్టి కాదు. దానికీ రాకపోతే నాన్న చేసింది ఎవరికీ అక్కరకు రాకుండా పోతుంది. అది నేను తట్టుకోలేను.

ఇక్కడ ఇంజన్ల పాఠాలు అయ్యాక నన్ను నార్ఫోక్‌లో ఒక యుద్ధనౌకకి వేశారు. ఇంజన్ గదిలో పని. ఓడ ఎందుకు మునగదో పుస్తకంలో కాకుండా చేతులతో నేర్చుకుంటాను. ఆఫీసరుగా ఆ ఓడ ఎక్కాలనుకున్నాను, కిందనుంచి ఎక్కుతాను. ఇది సర్దుకుపోవడం అని నువ్వంటావు. అను.

ఇక నాన్న అడిగినదానికి. ఇది ఆయనకి చదివి వినిపించు. మెత్తబరచకు, నీ సొంత మసాలా కలపకు.

నాన్నా, తప్పే. వరసలో ఆఖరివాళ్ల కోసం నీ పళ్లెం వదులుకుంటే నేను ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. నువ్వు వదిలింది నా పళ్లెం. నన్ను అడగలేదు. అమ్మ దగ్గర ఎవరుండాలన్నప్పుడూ నన్ను అడగలేదు. అడిగితే ఔననేదాన్నేమో, రెండుసార్లూ. ఆ ఔనన్న మాట నా నోటితో అనే అవకాశం నాకు కావాల్సింది.

అంతే. అక్కడ ఆపు.

డెల్, నాకు ఓడ ఎక్కేముందు సెలవిచ్చారు. మే పన్నెండున సాయంత్రం బస్సుకి దిగుతాను. కోపంగానే వస్తున్నాను, నవ్వుకుంటూ దిగుతానని అనుకోవద్దు. బస్టాండుకి నువ్వు రాకు. నువ్వొస్తే నా వంతు కోపం కూడా నువ్వే తెచ్చుకుంటావు. నాన్నని పంపు, ఆ పాత బండిలో. ముప్ఫై మైళ్ల దారి, రేడియో పలకదు. నేను నోరు విప్పను. ఈసారి మొదట ఆయనే మాట్లాడాలి.

ట్రూడీ